పేలని .32 తూటాల లాట్‌పై తయారీ కంపెనీకి ఫిర్యాదు

నల్గొండ,
18 జూన్ 2025.

క్వాలిటీ కంట్రోల్ మేనేజర్ గారికి,

విషయం: .32 ఎస్ అండ్ డబ్ల్యూ లాంగ్ వాడ్‌కటర్ (ముందు భాగం చదునుగా ఉండే గుండు) తూటాలు ఒకే లాట్‌లో, అంటే ఒకే విడత సరుకులో, పేలకపోవడం, గుండు తుపాకీ గొట్టంలో ఇరుక్కోవడం, షెల్ (తూటా ఇత్తడి తొడుగు) మూతి పగలడం; మా మొదటి ఫిర్యాదుకు మీరిచ్చిన జవాబుపై అభ్యంతరం.

అయ్యా,

మేం నల్గొండ జిల్లాలోని .32 లైసెన్సుదారులం, 25 మీటర్ల సెంటర్‌ఫైర్ (.32 లాంటి తూటాలతో ఆడే పిస్టల్) పోటీలకు సాధన చేసే షూటర్లం. హైదరాబాద్‌లోని మీ డీలరు దగ్గర ఏప్రిల్‌లో 4 పెట్టెలు, అంటే 200 తూటాలు కొన్నాం. ఒక్కోటి 120 రూపాయల లెక్కన 24,000 రూపాయలు కట్టాం. బిల్లు నకలు, మూత మీది లాట్ నంబరు ఫొటో ఈ లేఖకు జత చేశాం.

మే నెలలో మీ నుంచి వచ్చిన జవాబులో మూడు మాటలున్నాయి. తుపాకీ స్ప్రింగు బలహీనంగా ఉండొచ్చని, తూటాలు ఎండకు పాడై ఉండొచ్చని, ప్రతి తూటానూ తూకం వేసే పంపుతారు కాబట్టి లోపలి తుపాకీ మందు తక్కువ పడదని. ఈ మూడింటిలో ఒక్కటీ నిలవదు.

ముందుగా స్ప్రింగు సంగతి. ఈ లాట్‌ను ఒక రివాల్వర్‌లోనూ, 5 తూటాల మ్యాగజైన్ ఉన్న ఒక పోటీ పిస్టల్‌లోనూ హైదరాబాద్ రేంజ్‌లో కాల్చి చూశాం. పరీక్షకు పెట్టినవి 132 తూటాలు. మొదటి దెబ్బకు పేలనివి 11. అవి రెండు తుపాకుల్లోనూ వచ్చాయి. పేలని ప్రతిసారీ గొట్టాన్ని లక్ష్యం వైపే ఉంచి 30 సెకన్లు ఆగాం, ఆలస్యంగా పేలే ప్రమాదం ఉంటుంది కాబట్టి. తర్వాత మళ్లీ కొడితే 7 పేలాయి. మిగతా 4 తూటాలను రెండో తుపాకీలో పెట్టి కొట్టినా పేలలేదు. ఆ రోజే, అవే తుపాకుల్లో, రెండేళ్ల కింద కొన్న మీ కంపెనీ పాత లాట్ తూటాలు 50 కాల్చాం. ఒక్కటీ తప్పలేదు. స్ప్రింగు బలహీనమైతే పాత తూటాలకూ బలహీనమే కావాలి కదా.

రెండో దెబ్బకు పేలిన 7 తూటాలే అసలు లోపం ఎక్కడుందో చెబుతున్నాయి. ప్రైమర్‌ను (దెబ్బకు నిప్పు రాజేసి మందును అంటించే చిన్న మూతను) షెల్ అడుగు గుంటలో చివరి దాకా నొక్కకుండా వదిలేస్తే, దాన్ని కొట్టే ఫైరింగ్ పిన్ మొదటి దెబ్బ దాన్ని లోపలికి దిగ్గొట్టడానికే సరిపోతుంది. పేలేది రెండో దెబ్బకే. అందుకని కాల్చకుండా మిగిలిన 18 తూటాలను ఒక్కొక్కటిగా గాజు పలక మీద నిలబెట్టాం. ప్రైమర్ షెల్ అడుగుకు సమంగా గానీ, వెంట్రుకవాసి లోపలికి గానీ ఉంటే తూటా స్తంభంలా నిలబడుతుంది. 18లో 5 తూటాలు వేలితో తాకితే చాలు, నాణెం మీద బొంగరంలా ఊగాయి. వాటి ప్రైమర్లు అడుగు కంటే బయటికి ఉబ్బి ఉన్నాయి. ఇలాంటి తూటాలతో రివాల్వర్ సిలిండర్ తిరగకుండా పట్టేస్తుంది కూడా, రెండుసార్లు పట్టేసింది. మీ ప్రైమర్ నొక్కే మెషీన్‌లో పంచ్ అరిగిందో, స్ట్రోక్ సెట్టింగ్ తప్పిందో చూసుకోవాల్సింది మీరే. ఇక ఎంత కొట్టినా పేలని ఆ 4 తూటాల్లో ప్రైమరే చచ్చిపోయింది. దానికి నూనె తగిలిందా, లోపలి ఆన్విల్ (దెబ్బను ఆపే చిన్న దిమ్మ) లేదా అన్నది విప్పితే గానీ తెలియదు. విప్పే పని చట్టప్రకారం మాది కాదు. కాబట్టి వాటిని ముట్టుకోకుండా అలాగే ఉంచాం.

ఎండ గురించి. నల్గొండలో మే నెల ఎండ ఎట్లుంటదో మీరు మాకు చెప్పనక్కరలేదు, 45 డిగ్రీలు చూసినవాళ్లం. అందుకే తూటాలను మేడ కింది గదిలో, గోడకు ఆనని ఇనుప బీరువాలో, సీలు తీయని పెట్టెల్లోనే ఉంచుతాం. అమ్మోనియా ఇత్తడిని చెరుపుతుంది కాబట్టి యూరియా బస్తాలున్న చోట అసలు పెట్టం. పాత లాట్ రెండు ఎండాకాలాలు అదే బీరువాలో గడిపింది. కొత్త లాట్ అందులో ఉన్నది మూడు వారాలు.

నిజానికి ఎండ ప్రశ్న మేమే మిమ్మల్ని అడగాల్సింది. 132లో రెండు తూటాలు 'ఠప్' అనకుండా 'పుస్' అన్నాయి. వెంటనే ఆపి, తుపాకీ ఖాళీ చేసి చూస్తే రెండుసార్లూ సీసపు గుండు గొట్టంలోనే ఉంది. మొదటిది పిస్టల్‌లో, రెండోది రివాల్వర్‌లో. రివాల్వర్‌లో గుండు సగం సిలిండర్‌లో, సగం గొట్టంలో చిక్కి సిలిండర్ బిగుసుకుపోయింది. పోటీలో మూడు సెకన్లలో షాట్ కొట్టే తొందరలో ఆ చప్పుడు తేడా పట్టుకోకపోతే, తర్వాతి గుండు వెళ్లి ముందున్న గుండుకు తగులుతుంది. గొట్టం ఉబ్బుతుంది, చీలిపోనూ వచ్చు. ఆ గొట్టం పక్కనే చేతివేళ్లుంటాయి. రెండోది ఇరుక్కోగానే కాల్చడం మానేశాం. రివాల్వర్ విప్పి చూస్తే సిలిండర్ గదిలో మందు పలుకులు కాలకుండా, నెయ్యిలో తడిసిన బొంబాయి రవ్వలా ముద్దకట్టి ఉన్నాయి. వేలితో రుద్దితే జిడ్డు. గుండుకు పూసిన మైనం కరిగి మందులోకి దిగిందని మా అంచనా. వాడ్‌కటర్ గుండు షెల్ లోపలికి పూర్తిగా దిగి ఉంటుంది, మైనానికీ మందుకూ మధ్య దూరమే లేదు. మన దగ్గరి వేడికి కరగని మైనం వాడారా? పాత లాట్‌కూ ఈ లాట్‌కూ మధ్య మైనం మార్చారా? ఈ రెండింటికీ జవాబు కావాలి.

ఇక తూకం. గుండు 98 గ్రెయిన్లు, అంటే దాదాపు 6.35 గ్రాములు. ఈ రకం తూటాలో మందు గ్రాములో పదో వంతుకు అటూ ఇటూ. సీసపు గుండు బరువులో, ఇత్తడి షెల్ బరువులో సహజంగా వచ్చే తేడాలే ఆ మేరకు ఉంటాయి. మందు అసలే పడని తూటాకు కాస్త బరువు గుండు వస్తే మీ త్రాసు దాన్ని మంచిదనే చెబుతుంది. మందు మట్టాన్ని గుండు పెట్టకముందే, షెల్‌లోకి చూసి లేదా సెన్సర్‌తో కొలవాలి. తూకం వేశామన్నది ఇక్కడ రుజువు కాదు.

మందు సమంగా పడలేదని గుండు వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ కూడా చూపించింది. ఒకే తుపాకీలో పాత లాట్ 10 షాట్ల వేగం సెకనుకు 224 నుంచి 237 మీటర్ల మధ్య ఉంది. కొత్త లాట్ 10 షాట్లు 196 నుంచి 243 దాకా పోయాయి. 25 మీటర్ల దూరంలో గుండు కిందికి దిగడం ఒక్కటే లెక్కేసినా ఈ రెండు కొసల మధ్య తేడా 2.8 సెంటీమీటర్లు. ప్రిసిషన్ టార్గెట్‌లో పది గీత వ్యాసమే 5 సెంటీమీటర్లు. గుండు మామూలుగా చెదిరేది దీనికి తోడైతే, నడిమధ్యన గురిపెట్టి తప్పు లేకుండా నొక్కినవాడికి కూడా మీ తూటా తొమ్మిది రాసివ్వొచ్చు.

కాల్చాక 6 షెల్స్ మూతి దగ్గర నిలువునా పగిలాయి. కాల్చని 18లోనే రెండింటికి భూతద్దంలో వెంట్రుక పగుళ్లు కనిపించాయి, అంటే ఇవి కాల్చినందువల్ల వచ్చినవి కావు. ఇత్తడి మూతిని సరిగా వేడిచేసి మెత్తబరచకుండా గట్టిగా క్రింప్ చేస్తే (గుండు చుట్టూ నొక్కితే) ఇలాగే అవుతుంది. తూటాల ఇత్తడి పగుళ్లు మన దేశానికి కొత్త కూడా కాదు. 19వ శతాబ్దంలో బ్రిటిష్ సైన్యం ఇక్కడ గుర్రపు సాలల్లో దాచిన తూటాలు వానాకాలం వస్తే పగిలేవి, గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియాయే కారణమని 1921లో తేలింది. ఇత్తడిలో బిగువు ఉండిపోవడం, దానికి అమ్మోనియా తగలడం, రెండూ కలిస్తేనే ఆ పగుళ్లు. మా బీరువాలో అమ్మోనియా లేదు, కాబట్టి తప్పు మేం దాచిన తీరుది కాదు. బిగువు మీ ఫ్యాక్టరీ నుంచే వచ్చింది.

పెట్టె మీది రాత ప్రాణం మీదికి తెచ్చేది. అక్షరాలా '.32' అని మాత్రమే ఉంది. కౌంటర్ మీద దీని పక్కనే .32 ఏసీపీ (పిస్టల్ కోసం చేసిన పొట్టి తూటా) పెట్టె ఉంటుంది, దాని మీదా '.32' అనే. ఏసీపీ షెల్ పొడవు 17.3 మిల్లీమీటర్లు, లాంగ్‌ది 23.4. కానీ అంచు వ్యాసాలు దగ్గరదగ్గరగా ఉండడంతో ఏసీపీ తూటా చాలా రివాల్వర్ల సిలిండర్‌లో కూర్చుంటుంది. అమెరికా ప్రమాణం ప్రకారం ఏసీపీకి గరిష్ఠ పీడనం 20,500 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు), లాంగ్‌కు 15,000. పాత రివాల్వర్‌లో పొరపాటున వేస్తే ఏమవుతుందో మీకు తెలుసు. పూర్తి పేరు, 'రివాల్వర్‌కు' లేదా 'పిస్టల్‌కు' అన్న మాట, షెల్ పొడవు, గుండు ఆకారం తెలుగులోనూ ముద్రించాలి.

ఇంత వివరంగా రాయడానికి కారణం మాకు ఇంకో దారి లేకపోవడమే. 9 ఎంఎం నిషిద్ధ బోర్ (మామూలు లైసెన్సుపై ఇవ్వని రకం) కాబట్టి పిస్టల్, రివాల్వర్‌లలో మామూలు లైసెన్సుదారుకు .32 తప్ప పెద్దగా మిగిలింది లేదు, దాన్ని తయారుచేసేవాళ్లూ కొద్దిమందే. అమెరికాలో, యూరప్‌లో చాలామంది షూటర్లు కాల్చిన షెల్స్ ఏరుకుని ఇంట్లోనే మళ్లీ నింపుకుంటారు. తూటా ధరలో పెద్ద వాటా షెల్‌దే, పైగా పీడనం తక్కువైన .32 లాంగ్ షెల్ చాలాసార్లు పనికొస్తుంది. ఇక్కడ 1959 ఆయుధ చట్టం 5వ సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా తూటా తయారుచేయడం నేరం. 2019 సవరణ తర్వాత కనీస శిక్ష ఏడేళ్లు. మేం ఆ జోలికి పోం, ఎవర్నీ పోనివ్వం. ఆ లైసెన్సు మీకుంది. కాల్చిన షెల్స్ లెక్కతో డీలరు ద్వారా వెనక్కి తీసుకోండి. పగిలినవి ఏరేసి, కడిగి, కొలతకు తెచ్చి, కొత్త ప్రైమర్, మందు, గుండు పెట్టి, గేజ్‌లో (కొలత అచ్చులో) చూసి, 'సాధన తూటా' అని వేరే రంగు పెట్టెలో తక్కువ ధరకు ఇవ్వండి. నెలకు 200 కాల్చాల్సిన పిల్లలు ధర చూసి 50తో ఆపేస్తున్నారు.

ఈ లేఖ అందిన 30 రోజుల్లో ఈ లాట్ అమ్మకం ఆపి, డీలర్లందరికీ రాతపూర్వకంగా తెలియజేయాలి. లాట్ పరీక్ష రిపోర్టు మాకు ఇవ్వాలి. 24,000 రూపాయలు తిరిగి ఇవ్వాలి, లేదా మేం క్రోనోగ్రాఫ్ మీద చూసి ఒప్పుకున్న లాట్ నుంచి 200 తూటాలు ఇవ్వాలి. లేకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద నల్గొండ జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేస్తాం. నమూనాకు సీలు వేసి ల్యాబ్‌కు పంపే అధికారం ఆ కమిషన్‌కు ఉంది.

పేలని 4 తూటాలు, మిగిలిన 18, సీలు తీయని నాలుగో పెట్టె, పగిలిన షెల్స్, ఇరుక్కున్న 2 గుండ్లు డీలరు దగ్గర రసీదు మీద ఉన్నాయి. తూటాలు పోస్టులో పంపకూడదు కాబట్టి మీ మనిషే వచ్చి, మా ఇద్దరు ప్రతినిధుల ఎదుట సీలు వేసి తీసుకెళ్లాలి. రెండు రోజుల ముందు కబురు చేస్తే నల్గొండ నుంచి బయలుదేరి వస్తాం.

ఇట్లు,
నల్గొండ జిల్లా .32 లైసెన్సుదారులు, షూటర్లు
(సంతకాలు వేరే కాగితంలో)