ఎండల డప్పు పట్టే బిడ్డకు

హన్మకొండ,
ఉగాది తెల్లారి.

బిడ్డా,

మే నెలల 20 రోజులు పరకాల, భూపాలపల్లి, మంథని, గోదావరిఖని, మంచిర్యాల దిక్కు తిరిగే బృందానికి నువ్వే పెద్దవని తెలిసి మీ అవ్వకు, నాకు మస్తు సంబురమైంది. ఎనిమిది మంది, నాలుగు డప్పులు, ఒక ఒగ్గు డోలు, తాళాలు. పాటల నీకు నేర్పేది నా దగ్గర ఏం మిగల్లేదు. ఈ ఉత్తరం ఎండ గురించి రాస్తున్న.

మన బృందాలల్ల ఒక అలవాటున్నది. డప్పుకు గుడ్డ చుడతరు, నీడల పెడతరు, ఎవ్వరినీ దాటనియ్యరు. అదే డప్పు కొట్టే మనిషిని మాత్రం తారురోడ్డు మీద నిలబెడతరు. తోలు పగిలితే ఆట ఆగుతదని అందరికీ ఎరుకే. మనిషి పడితే సుత ఆగుతదని మాత్రం యాదికుండదు. డప్పును చూసుకునే కన్నుతోనే నీ ఎనిమిది మందిని చూడు.

మొదలు ఒప్పందం. ఊరోళ్ళు గాని, పిలిచిన ఆఫీసోళ్ళు గాని, తేదీ అడిగిననాడే అయిదు సంగతులు కాయితం మీద రాయించుకో: పొద్దుగాల 6.30 నుంచి 8.30 లోపల ఒక ఆట, మాపటికి 6 దాటినంక ఒకటి. నిలబడే జాగల నీడ. ఆటకు రెండు 20 లీటర్ల నీళ్ళ క్యాన్లు. ఆడోళ్ళకు తలుపున్న బాత్రూం. పగటి పూట పండుకునేటందుకు పంకా ఉన్న గది. బడి గది అయినా సరే. ఇంకొకటి పైసల సంగతి. గాలిదుమారానికో, ఎండకో మధ్యల ఆపితే కూలి కోయద్దని రాయించు. బృందం లోపల సుత గదే పద్ధతి పెట్టు. ఆటకింత అని లెక్కగట్టి ఇస్తే నెత్తి తిరుగుతున్నా ఎవ్వరూ చెప్పరు, పైసలు పోతయని ఓర్చుకుంటరు. సగంల కూసున్నోనికి సుత పూర్తి కూలి ఇయ్యి. నా లెక్కల ఓఆర్ఎస్ ప్యాకెట్ల కన్న ఇదే పెద్ద మందు.

టీవీల చెప్పే డిగ్రీలు నీడల కొలిచినయి. ఎండల నిలబడి ఆడేటోనికి అంతకన్న ఎక్కువే తాకుతది. వాతావరణ శాఖ లెక్కల మన అసొంటి మైదానంల 45 డిగ్రీలైతే వడగాలి, 47 అయితే తీవ్ర వడగాలి. రెడ్ అలర్ట్ ఇచ్చిననాడు పొద్దుగాలటి ఆటొక్కటే పెట్టుకో, అది సుత 8 లోపల్నే ఒడగొట్టు. 11 నుంచి 4 దాకా ఏ నాడైనా సరే డప్పు ముట్టద్దు.

జాగ చూసేటప్పుడు పొద్దు ఎటున్నదో చూడు. మాపటికి పడమర దిక్కు పెద్ద బిల్డింగున్న తావు మంచిది, దాని నీడ మీ మీద పడతది. సీసీ రోడ్డు, బండల గచ్చు పొద్దుగూకినంక సుత సెగ కక్కుతనే ఉంటయి. మట్టి నేల దొరికితే వదలకు. ఆటకు అరగంట ముందు నీళ్ళు చల్లిపియ్యి. అప్పటికప్పుడు చల్లితే ఆవిరి లేస్తది, చెమట ఆరదు. దేవుని ఆట అని చెప్పులు విడిచేటోళ్ళ కోసం గోనెసంచులు తడిపి పరువు. టార్పాలిన్ వద్దు, అది రోడ్డు కన్న ముందే కాలుతది. అయినా అరికాళ్ళు బొబ్బలెక్కితే 20 నిమిషాలు మామూలు నీళ్ళు పారబొయ్యాలె. పేస్టులు, ఇంకు పూయనియ్యకు.

కొత్తోళ్ళ మాట. నీ బృందంల ఇద్దరు పిల్లలు హైదరాబాద్ హాస్టల్ నుంచి నేరుగ వస్తున్నరట. వాళ్ళకు బలమున్నది గని ఎండ అలవాటు లేదు. ఎండల పనిచేసిన కొద్దీ ఒళ్ళు తొందరగ చెమట పట్టుడు నేర్చుకుంటది, చెమటల ఉప్పు పోవుడు తగ్గుతది, గుండె మీద బరువు తగ్గుతది. అది కుదురుకునేటందుకు వారం నుంచి రెండు వారాలు పడతది. ఒక్క ఆట 60 నిమిషాలైతే కొత్తోళ్ళు మొదటి నాడు 12 నిమిషాలే కొట్టాలె. రెండో నాడు 24, మూడో నాడు 36, నాలుగో నాడు 48, అయిదో నాటికి పూర్తి ఆట. మిగిలిన టైం నీడల కూసొని తాళం వేస్తరు. పాతోళ్ళు వారం పైన ఇంట్ల ఉండి వస్తే 30, 36, 48, 60, గిట్ల ఎక్కియ్యి. జరమో విరేచనాలో వచ్చి లేచినోడు మళ్ళ మొదటి నుంచే.

ఆట కూర్పు సుత మార్చు. ఇరవై నిమిషాలు ఏకదమ్ముగ దరువు కొట్టుడు చలికాలంల సాగుతది, మే నెలల మాత్రం పది నిమిషాల దరువు, పది నిమిషాల కథ పెట్టు. ఒగ్గు కథల కథకుడు ఒక మాట అంటే వంత అందుకునే పద్ధతి ఉండనే ఉన్నది కద. వంతకు ఎక్కువ ఇచ్చి కథకునికి ఊపిరి తీసుకునే సందు ఇయ్యి. డప్పులోళ్ళు అంతల నీళ్ళు తాగొస్తరు.

నీళ్ళ లెక్క చెప్త, రాసుకో. పని చేసేటప్పుడు 20 నిమిషాలకు ఒక గ్లాసు, అంటే పావు లీటరు. గంటకు ముప్పావు లీటరు. ఎనిమిది మందికి, తయారయ్యే సమయం కలిపి మూడు గంటలకు 18 లీటర్లు. ఒక క్యాను తాగేటందుకు సరిపోతది, రెండోది నెత్తి మీద, చేతుల మీద పోసుకునేటందుకు, ఎవరన్న పడితే తడిపేటందుకు. దూప అయ్యేదాకా ఆగద్దు, దూప లేటుగ చెప్తది. అట్లని గంటకు లీటరున్నర దాటద్దు. ఉప్పు లేకుండ ఉత్త నీళ్ళే కడుపు నిండ తాగితే రక్తంల ఉప్పు పలచబడతది. తలనొప్పి, వాంతి వస్తయి, చూసినోళ్ళు వడదెబ్బ అనుకొని ఇంకిన్ని నీళ్ళు పోస్తరు. అది ప్రాణం మీదికి తెస్తది.

ఉప్పు ఎట్ల అందాలె అంటవా? సల్ల ఉప్పేసి, జొన్న అంబలి ఉప్పేసి. ఆటకు గంటన్నర ముందు అంబలి తాగిస్తే కడుపు బరువు ఉండదు. చెమట ధారలు కట్టిననాడు ఓఆర్ఎస్. ఒక్క లీటరు ప్యాకెట్టును ఒక్క లీటరు నీళ్ళల్లనే కలపాలె. గ్లాసు నీళ్ళల్ల సగం ప్యాకెట్టు పోసుడు తప్పు. ప్యాకెట్టు లేకుంటే లీటరు నీళ్ళకు చక్కెర 6 చెంచాలు, ఉప్పు అర చెంచా. టీ చెంచా, గీసి కొలువాలె, కుప్ప పోయద్దు. కిరాణా దుకాణంల పండ్ల బొమ్మతోని అమ్మే తీపి డబ్బాలు ఓఆర్ఎస్ కాదు, వాటిల చక్కెర ఎక్కువ, ఉప్పు తక్కువ. బీపీకి మూత్రం ఎక్కువ వచ్చే గోలీ వేసుకునే పెద్దమనిషి మీల ఒకాయన ఉన్నడు కద, ఆయనకు ఉప్పు నీళ్ళు ఎంత, గోలీ ఎంత అనేది బయలెల్లక ముందే డాక్టరును అడిగిపియ్యి. సొంతంగ గోలీ బంద్ చేయనియ్యకు.

ఇప్పుడు ఆడపిల్లల సంగతి, దీని మీద మగోళ్ళెవ్వరూ మాట్లాడరు. బాత్రూం దొరకదని పొద్దటి నుంచే నీళ్ళు తాగుడు బంద్ చేస్తరు. అన్నిట్ల కన్న పెద్ద ప్రమాదం అదే, మూత్రంల మంట, జరం సుత దాన్నుంచే వస్తయి. ఊర్ల అడుగు పెట్టంగనే మొదలు బాత్రూం చూడు, తర్వాత మైకు చూడు. తలుపు, నీళ్ళు, బకెట్టు ఉన్నయా అని నువ్వే పోయి చూసి రా. మూత్రం పలచని రంగుల ఉంటే సరి, ముదురు పసుపైతే నీళ్ళు తక్కువైనట్టు. ఈ మాట పిల్లలకు సిగ్గుపడకుండ చెప్పు.

కల్లు, మందు మాట సుత ఇక్కడనే. ఆటకు మెచ్చి ఊరోళ్ళు లొట్టి పట్టుకొస్తరు, కాదంటే చిన్నబోతరు. ఆట ఒడిసి, బువ్వ తిని, చల్లబడినంక వాళ్ళిష్టం. ఆటకు ముందు, ఆట నడుమ ఒక్క గుక్క సుత వద్దు. మూత్రం పెంచి ఉన్న నీళ్ళు తోడేస్తది, నెత్తి తిరిగేది ఎండకా మత్తుకా నీకు తెల్వకుండ చేస్తది.

వాయిద్యాలు. ఎండాకాలంల డప్పు తోలు దానంతటదే బిగుసుకుంటది. చలికాలం అలవాటుతోని మంటకు కాపితే అంచుల చిట్లుతది. మొదలు సిర్రతోని, అంటే డప్పు కొట్టే కర్రతోని, రెండు దెబ్బలు కొట్టి విను. కంగుమంటే మంట జోలికే పోవద్దు. మాపటికి గాలిల తడి ఉండి మోత మెత్తబడితే, అప్పుడు వరిగడ్డి మంటకు మూరెడు దూరంల పట్టి ఆపకుండ తిప్పాలె, వేలుతో తట్టి చూడాలె. బొచ్చు కమురు వాసన వచ్చిందంటే దగ్గర పట్టినట్టే. కాపే పని ఒక్కనికే పెట్టకు, మంట కాడ కూసున్నోడు ఆటకు ముందే సగం ఎండిపోతడు. డోలు తాళ్ళు రాత్రి వదులు చేసి పొద్దుగాల బిగించు. ఆటో టాపు మీద, మూసిన బండిల తోలు వాయిద్యం పెట్టద్దు, మనుషులు సుత పండుకోవద్దు. ఒక ఫైబర్ డప్పు వెంట ఉంచు, వాన చినుకు పడితే అదే దిక్కు. మోత వేరే ఉంటది, నాకు నచ్చదు. అయినా తడిసిన తోలు కన్న నయం.

బట్టలు నూలువే. మెరిసే పాలిస్టర్ అంగీలు ఫొటోకు మంచిగుంటయి గని చెమటను లోపల్నే ఉడికిస్తయి. నడుం దట్టి రెండు వేళ్ళు దూరేటంత వదులుండాలె. ఇత్తడి గజ్జెలు ఎండకు కాలి చీలమండకు వాతలు పెడతయి, కింద నూలు పట్టీ కట్టాలె. మొఖానికి నూనె రంగు మందంగ పూస్తే ఒక నష్టం చెమట ఆరకపోవుడు. రెండోది నువ్వు గమనించాలె: మనిషి మొఖం ఎర్రబడ్డదా, పాలిపోయిందా అనేది రంగు కింద కనపడదు. చెవులు, మెడ వెనుక రంగు లేకుండ ఉంచమను.

మొఖం కనపడకపోయినా ఆట చెప్తది. చేతుల పడ్డ దరువు తప్పుతున్నడంటే, వందసార్లు పాడిన చరణం మరిచిపోయిండంటే, వంత ఒక్క క్షణం లేటుగ అందుకున్నడంటే, తప్పు పట్టకు, కూసోబెట్టు. పిక్కలు పట్టుడు, నెత్తి తిరుగుడు, వికారం, ఒళ్ళంత చెమట ఉన్నయంటే నీడకు తెచ్చి, గజ్జెలు, దట్టి విప్పి, గుక్కగుక్కగ ఓఆర్ఎస్ తాగిస్తే అరగంటల తేరుకుంటడు. తేరుకున్నా ఆ నాటికి ఆట లేదు.

మాట తడబడ్డా, పొంతన లేకుండ మాట్లాడినా, కొట్లాడినట్టు చేసినా, పడిపోయినా అది వడదెబ్బ. చెమట ఉన్నా సరే, వడదెబ్బే. ఒంటి లోపలి వేడి 40 డిగ్రీలు దాటిందన్నట్టు. చంకల పెట్టిన థర్మామీటర్ తక్కువ చూపొచ్చు, అంకె చూసి ధీమా పడకు. ఒకరు 108కు ఫోన్ చెయ్యాలె, మిగిలినోళ్ళు ఆ క్షణమే చల్లబరచాలె. బట్టలు వదులు చేసి ఒళ్ళంత నీళ్ళు పొయ్యి, చాటలతోనో అట్టలతోనో విసురు. మంచుగడ్డ దొరికితే గుడ్డల చుట్టి మెడకు, చంకలకు, గజ్జలకు పెట్టు. అంబులెన్సు వచ్చేదాకా ఆపద్దు. ముందు దవాఖానకు తీసుకపోదాం, నీళ్ళు తర్వాత పోద్దాం అనే పెద్దమనుషులుంటరు, వాళ్ళ మాట వినకు. సోయి లేనోని నోట్ల నీళ్ళు పోయద్దు. జరం గోలీ ఈ వేడికి పనిచెయ్యదు. జేబుల ఉల్లిగడ్డ సుత వడదెబ్బను ఆపదు, పచ్చిపులుసుల వేసుకొని తినమను.

ఏప్రిల్, మే మాపటి పూటల గాలిదుమారం చెప్పకుండ వస్తది. ఉరుము వినపడ్డదంటే పిడుగు మీ దాకా రావచ్చు. ఆట ఆపి గట్టి బిల్డింగు లోపలికి పోవాలె, చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు బయటకు రావద్దు. చెట్టు కిందికి, టెంటు కిందికి, ఆటోలకు పోవద్దు. ఫోన్ల పిడుగుల సంగతి ముందే చెప్పే దామిని యాప్ వేసుకో. మైకు, జనరేటర్ తడిస్తే స్విచ్ బంద్ చేసినంకనే వైర్లు ముట్టాలె. తడి చేతుల ఇనుప మైకు షాకు కొడతది.

శ్రావణంల పోచమ్మ బోనాల వానలకు, సంక్రాంతికి ఐనవోలు మల్లన్న కాడ మంచుకు వేరే ఉత్తరం రాస్త. ఆ రెండు కాలాలల్ల మనిషి కన్న తోలుకే ఎక్కువ కష్టం. ఒక్కటి మాత్రం యాది పెట్టుకో, చలి రాత్రి ఆట ఒడవంగనే చెమట అంగి విప్పి గొంగడి కప్పుకోవాలె.

రాత్రంత కథ చెప్పిన ఊర్ల తెల్లారి ఆట ఒప్పుకోకు. నిద్ర లేని ఒళ్ళు ఎండను ఓర్వదు.

రోజుకు 8 ప్యాకెట్ల లెక్కన 160 ఓఆర్ఎస్ ప్యాకెట్లు కావాలె. నేను 60 పంపుతున్న, మిగిలినయి ఊర్ల ఆశా కార్యకర్తలను అడుగు, వాళ్ళ దగ్గర ఉంటయి. మూటల 10 గోనెసంచులు, థర్మామీటర్, రెండు చాటలు ఉన్నయి. గజ్జెల కింద కట్టేటందుకు మీ అవ్వ పాత చీర చింపి పట్టీలు కుట్టింది, ఎనిమిది మందికి పదహారు. రోజూ మాపటికి ఉతికి ఆరేయమన్నది, చెమట ఉప్పు గట్టిపడితే అవే కోస్తయట.

పైలం.

మీ బాపు