చిన్నాకి, ఫోన్ ఎత్తనందుకు

చిన్నా,

ఫోన్ చేస్తే "అమ్మా లైబ్రరీలో ఉన్నా", మెసేజ్ పెడితే రెండు బ్లూ టిక్కులు, అంతే. అందుకని ఇవాళ ఆదివారం కదా అని కూర్చుని మెయిల్ రాస్తున్నా. మీ నాన్న "వాడికేం పనిలేదా ఇంత పొడుగు చదవడానికి" అంటూనే పక్కన కుర్చీ లాక్కుని తొంగి చూస్తున్నారు.

ఇక్కడ అందరం బాగున్నాం. రేపు దీపావళి, ఇల్లు తుడిపించడం ఇంకా సగమే అయింది. సత్తి పెద్దమ్మ మోకాలు మళ్ళీ మొదటికొచ్చింది. పైన ట్యాంకు కారుతోంది, ప్లంబర్ వస్తా వస్తా అని నాలుగు రోజులైంది. అక్కడ చలి మొదలైందా? నల్ల సూట్‌కేసు అడుగున థర్మల్స్ రెండు జతలు పెట్టా, ఇంకా కవర్ కూడా చింపి ఉండవు, నాకు తెలుసు. మాంచెస్టర్‌లో రోజూ వానే అంటున్నారు, తల తడిస్తే తుడుచుకో, నీకు సైనస్ ఉందన్న సంగతి నాకు గుర్తుంటే సరిపోదు.

బుజ్జి పిన్ని మొన్న వచ్చి వెళ్ళింది. శ్రవణ్ మీ రూముకి వచ్చాడట కదా, పాకిస్తాన్‌తో ఆసియా కప్ ఫైనల్ రోజు. ఆ రాత్రి మీ కిచెన్లో ఏదో అయిందని, నీ పాకిస్తానీ ఫ్లాట్‌మేట్ హారిస్‌ని నువ్వేదో అన్నావని, అప్పట్నుంచి ఆ అబ్బాయి మీరంతా పడుకున్నాక వచ్చి వండుకుంటున్నాడని చెప్పింది. బుజ్జి పిన్ని సంగతి తెలుసుగా, గోరంత ఉంటే కొండంత చేస్తుంది, నేను నమ్మలేదు. సరే, ఆ విషయం వదిలెయ్, నేను అడగను.

బియ్యం ఇంకా ఉన్నాయా? కందిపప్పు అయిపోతే ముందే చెప్పు, రాజా మావయ్య కోడలు 25న బయల్దేరుతోంది.

అయినా ఏమన్నావురా? "మీవాళ్ళంతా ఇంతే" అని ఊరుకున్నావా, ఇంకేమన్నా అన్నావా? శ్రవణ్ చెప్పిన ఆ రెండో మాట ఇక్కడ టైప్ చెయ్యడానికి కూడా నాకు చెయ్యి రావట్లేదు. మ్యాచ్ గెలిచాం కదా, తిలక్ వర్మ మనోడు, 69 కొట్టి నిలబడ్డాడు, మీ నాన్న అర్ధరాత్రి మెట్ల మీద ఈలలేశారు, ఆ సంతోషం చాలదా? గ్రౌండ్‌లో వాళ్ళు షేక్ హ్యాండ్లు ఇచ్చుకోకపోతే పోనీ, అది బోర్డులు, గవర్నమెంట్లు చూసుకునే సంగతి. నీకూ ఆ అబ్బాయికీ ఒకటే ఫ్రిజ్ కదరా.

నువ్వు ఏమంటావో నాకు తెలుసు. "పహల్గాంలో చంపింది ఎవరమ్మా" అంటావు. 26 మంది, అందులో మన తెలుగువాళ్ళూ ఉన్నారు, ఆ వారమంతా నాకు అన్నం సయించలేదు, నాకేదో బాధ లేదనుకోకు. చంపినవాళ్ళని తిట్టు, వాళ్ళని పంపినవాళ్ళని తిట్టు, నేనూ నీతో కలిసి తిడతా. హారిస్ ఆ రోజు ఎక్కడున్నాడు, నీ పక్క గదిలో అసైన్‌మెంట్ రాసుకుంటున్నాడు.

ఇంకో సంగతి ఒప్పుకోవాలి. మొన్న రెండు దేశాలూ కొట్టుకుంటున్నప్పుడు, మే 8 రాత్రి, టీవీలో కరాచీ పోర్టు పోయింది, తగలబడిపోతోంది అని చూపించారు, ఏ చానెల్ అని చెప్పను, ఒకటి కాదు. నేను లేచి నిలబడి చప్పట్లు కొట్టా, కావాలంటే మీ నాన్ననడుగు. తర్వాత వెళ్ళి పడుకున్నాక కరాచీ ఖాలా గుర్తొచ్చింది. ఇక తెల్లారేదాకా నిద్ర లేదు. పొద్దున్నకి తెలిసింది ఆ పోర్టు వార్త అంతా ఉత్తదే అని. చప్పట్లు మాత్రం నిజంగానే కొట్టాగా.

కరాచీ ఖాలా గురించి నీకు ఎప్పుడూ పూర్తిగా చెప్పినట్టు లేను. మలక్‌పేట ఇంట్లో మా ఎదురింటి ఖాలా తెలుసు కదా, మీ తాతయ్యకి రాఖీ కట్టేది, ఆవిడ అక్క. 1949లో పెళ్ళి చేసుకుని మొగుడితో కరాచీ వెళ్ళిపోయింది. మళ్ళీ పుట్టింటికి రావడం 1987 మార్చిలో, నాకు ఇంటర్ పరీక్షలు నడుస్తున్నాయి. కరాచీ నుంచి లాహోర్, అక్కడ సంఝౌతా ఎక్స్‌ప్రెస్ ఎక్కి అమృత్‌సర్ వైపు, ఢిల్లీ, తర్వాత మన రైలు, మొత్తం అయిదో రోజుకి చేరింది. పాకిస్తాన్ నుంచి మనిషి వస్తోందంటే మా వీధిలో పిల్లలందరం గేట్ల మీద వేలాడుతున్నాం, ఏదో పులి దిగుతుందన్నట్టు. ఆటోలోంచి దిగిందెవరు, బక్కగా, సోడాబుడ్డి కళ్ళద్దాలు, చేతిలో ఫ్లాస్కు, అచ్చం మా లెక్కల మేడంలా ఒక ముసలావిడ. దిగుతూనే నన్ను చూసి "ఏం చదువుతున్నవ్ బిడ్డా" అంది. తెలుగులో! వాళ్ళ నాన్న ఉద్యోగం వరంగల్‌లోనట, పెరిగిందంతా అక్కడే, 38 ఏళ్ళయినా ఆ యాస పోలేదు, నాకొచ్చిన సిటీ తెలుగు కంటే శుభ్రంగా ఉంది.

మరి నేనేం అడిగానో తెలుసా ఆ మనిషిని, మర్నాడు చాయ్ తాగుతుంటే? "ఖాలా, మీ దగ్గర ఆడపిల్లల్ని చదువుకోనివ్వరంట కదా?" మా అమ్మ నా తొడ మీద గిల్లింది, ఆ మచ్చ ఇప్పటికీ ఉందనుకో. ఆవిడేమో కోప్పడలా, నా చేతిలో నోట్‌బుక్ తీసుకుని నేను పొద్దున్నుంచీ కొట్టుకుంటున్న పర్మ్యుటేషన్స్ లెక్క చూసి, రెండో స్టెప్పులో వేలు పెట్టి "ఇక్కడ తప్పినవ్" అంది. కరాచీలో ఆడపిల్లల స్కూల్లో 22 ఏళ్ళు లెక్కలు చెప్పిందట. తర్వాత నవ్వి అంది, "నువ్వడిగినట్టే మా మనవడూ అడిగిండు, ఇండియాలో మసీదులన్నీ మూసేసిన్రంట కదా నానీ, నమాజు ఎక్కడ చదువుతవ్ అని." అప్పుడే మా సందు చివర మసీదులో అసర్ అజాన్ మొదలైంది. ఇద్దరం ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకున్నాం, ఆవిడే ముందు నవ్వింది.

అక్కడ వాళ్ళుండేది హైదరాబాద్ కాలనీ అనే చోట, మన మిర్చీ కా సాలన్, బగారా బైంగన్, అచార్లు అన్నీ దొరుకుతాయట. ఇప్పుడు బహదూరాబాద్‌లో చౌరస్తా మధ్యన బుల్లి చార్మినార్ కూడా ఉంది, యూట్యూబ్‌లో చూశా. కానీ ఆవిడ చెప్పిన ఇంకో మాట నాకు బాగా గుర్తు. అక్కడి వాళ్ళు వీళ్ళని హైదరాబాదీలని వెక్కిరిస్తారట, "నక్కో", "కైకూ" అంటే చాలు స్టాఫ్‌రూమంతా నవ్వేదట, వీళ్ళు పులుపు తప్ప ఇంకేం తినరు, లేజీ మనుషులు అని. "నేన్ పాకిస్తానీ అయితి అనుకున్న, వాళ్లకేమో నేను ఇంక హైదరాబాదీనే" అంది. నీకు అర్థమవుతోందా ఎందుకు చెప్తున్నానో? నిన్ను ఆ ఢిల్లీ కుర్రాడు మద్రాసీ, ఇడ్లీ సాంబార్ అన్నప్పుడు వారం రోజులు నా చెవి కొరుక్కుతిన్నావు, "అమ్మా వీళ్ళకి ఆంధ్రా తెలంగాణ తేడా కూడా తెలీదు" అని. మరి హారిస్‌ది కరాచీనా అని నేనడిగితే "కాదమ్మా లాహోర్, పంజాబీ" అని నువ్వే కదా చెప్పావు, సింధీ వేరు, పఠాన్ వేరు, బలోచ్ వేరు అని నాకు క్లాసు పీకావు కదా. ఇప్పుడు వాళ్ళందరినీ కలిపి ఒక్క మాటతో కట్టేశావా?

అసలు కథ చెప్పలేదు ఆగు. వీసా అప్పుడూ ఊళ్ళ లెక్కనే ఇచ్చేవాళ్ళు, ఆవిడకి హైదరాబాద్ ఒక్కటే రాసిచ్చారు. వచ్చిన 24 గంటల్లో పోలీసుల దగ్గర రిపోర్ట్ చెయ్యాలి, మీ తాతయ్యే స్కూటర్ మీద తీసుకెళ్ళాడు. వరంగల్ రైల్లో మూడు గంటలు, అయినా వెళ్ళడానికి లేదు. ఆవిడ పైకి ఏమీ అన్లేదు. ఆ శనివారం మీ తాతయ్య ఎవరికీ చెప్పకుండా వరంగల్ వెళ్ళి అక్కడి మార్కెట్లో కిలో ఎండుమిరపకాయలు కొని, సంచితో తెచ్చి ఆవిడ ముందు పెట్టాడు. ఆవిడ ఒడిలో పోసుకుని, రెండు చేతులా తీసి మొహానికి దగ్గరగా పెట్టుకుని పీల్చింది. ఇక చూడు, తుమ్ములు. తుమ్ముతూనే ఉంది, కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టి కళ్ళు తుడుచుకుంటోంది, మళ్ళీ పీలుస్తోంది, మా ఖాలా ఏమో వెనకనుంచి "బస్ కరో ఆపా" అని అరుస్తోంది.

అప్పుడే లాల్ బహదూర్ స్టేడియంలో ఇండియా పాకిస్తాన్ వన్డే. మార్చి 20. ట్రాన్సిస్టర్ మధ్యలో పెట్టి అక్కాచెల్లెళ్ళు ఇద్దరూ చెరోవైపు. చెల్లెలు ఇండియా, అక్క పాకిస్తాన్. మళ్ళీ ఆవిడే చెప్పింది, అంతకు ముందు నెల కలకత్తా టెస్టులో అజహర్ 141 కొట్టినప్పుడు కరాచీలో ఇంట్లో అందరూ తలలు పట్టుకుంటే తను వంటింట్లోకి వెళ్ళి ఒక్కతే సంతోషపడిందట, మా ఊరి పిల్లోడు అని. సరే మ్యాచ్ ఆఖరి బంతికి వచ్చింది, రెండో పరుగుకి పోయి రనౌట్, ఇద్దరిదీ 212. ఆవిడ "బరాబర్ అయింది, గొడవ లేదు" అని చేతులు దులుపుకుంది. అప్పుడు చెప్పారు, మనవి 6 వికెట్లు పడ్డాయి, వాళ్ళవి 7, కాబట్టి ఇండియా గెలిచింది అని. అబ్బో, ఏం కొట్లాటరా అది! "ఇదేం లెక్క, 22 ఏళ్ళు లెక్కలు చెప్పిన, ఇట్లాంటి లెక్క చూడలే" అని ఆవిడ, "ఓడిపోయినోళ్ళు ఎప్పుడూ ఇట్లనే అంటరు, మీ పాకిస్తానోళ్ళంతా ఇంతే" అని చెల్లెలు. సొంత అక్కని! ఇద్దరూ లోపలికి పోయి తలుపులేసుకున్నారు. సాయంత్రం చాయ్ టైముకి చెల్లెలే ఉస్మానియా బిస్కెట్లు ప్లేట్లో పెట్టి అక్క ముందుకి తోసింది, మాట్లాడకుండా. ఆవిడ ఒకటి తీసుకుని ముంచుకుంది. అయిపోయింది.

వాళ్ళకి మూడు గంటలు పట్టింది. నీకు మూడు వారాలైంది.

పొడుగైపోయిందని మీ నాన్న అంటున్నారు. ఆయనకి నీరజ్ చోప్రా వాళ్ళమ్మ సంగతి కూడా రాయాలట. ప్యారిస్‌లో పాకిస్తాన్ అర్షద్ నదీమ్ జావెలిన్ 92.97 మీటర్లు విసిరి గోల్డ్ కొడితే, కొడుక్కి సిల్వర్ వచ్చినా ఆవిడ, గోల్డ్ కొట్టినవాడూ మా పిల్లాడే అంది కదా, అప్పుడు దేశమంతా మెచ్చుకుని, ఈ ఏప్రిల్లో పహల్గాం తర్వాత అదే మాట పట్టుకుని ఆవిడని తిట్టారు. తల్లి అన్న మాట ఏడాది తిరక్కుండా తప్పయిపోయిందన్నమాట. సరే, లెక్చర్ ఇవ్వకూడదనే మొదలుపెట్టాను.

ఇది నా తప్పు కూడా, అందుకే ఇంత రాశాను. కిందటేడు నువ్వు ఫ్లాట్‌మేట్ పాకిస్తానీ అని చెప్పగానే నేను మొదట అన్న మాట ఏంటి? "ఇంకో రూము దొరకలేదా, గిన్నెలు వేరే పెట్టుకో, జాగ్రత్త." ఎందుకు జాగ్రత్త అని నువ్వడిగితే నా దగ్గర జవాబు లేదు. జనవరిలో నీకు జ్వరం వస్తే గంజి కాచి ఇచ్చింది ఆ అబ్బాయే, వీడియోలో "సలామ్ ఆంటీ, ఆప్ హైదరాబాద్ సింధ్ సే హై యా దక్కన్ సే" అని అడిగితే మురిసిపోయాను కూడా. అయినా ఫోన్ పెట్టేశాక మళ్ళీ అన్నాను, ఎంతైనా వాళ్ళు వాళ్ళే అని. నువ్వు కిచెన్లో అన్నది ఆ మాటేనేమో అని నాకు భయం.

రాజా మావయ్య కోడలితో గోంగూర పచ్చడి (రెండు సీసాలు, కవర్లో చుట్టి టేపు వేశా, నిలబెట్టి తెచ్చుకో), కందిపప్పు, నువ్వుల పొడి, రెండు కరాచీ బేకరీ ఫ్రూట్ బిస్కెట్ డబ్బాలు పంపిస్తున్నా. మేలో ఆ బేకరీ బోర్డు మీద కూడా పడ్డారు, పేరు మార్చమని. పెట్టిందేమో దేశం రెండైనప్పుడు అన్నీ వదిలేసి ఇక్కడికి వచ్చిన సింధీ ఆయన, 1953లో, ఆయన ఊరి పేరు పెట్టుకున్నాడు పాపం. ఒక డబ్బా నీకు, ఒకటి హారిస్‌కి. నీది రెండు రోజుల్లో అయిపోతుంది, వాడి డబ్బా జోలికి పోకు. లాహోర్ వాళ్ళకీ కరాచీ వాళ్ళకీ పడదని నువ్వే అన్నావు, మరి కరాచీ పేరున్న బిస్కెట్లు తింటాడో తినడో కనుక్కో. నా పేరు చెప్పి ఇవ్వకు, నువ్వే ఇవ్వు.

ఏమన్నాడో రేపు రాత్రి ఫోన్ చేసి చెప్పు. తిట్టను. బాల్కనీలో దీపం పెట్టుకో, కర్టెన్‌కి దూరంగా, అక్కడ స్మోక్ అలారం ఊరికే మోగుతుందని విన్నా.

అమ్మ

మీ నాన్న అడగమన్నారు, తిలక్ వర్మ బ్యాటింగ్ హారిస్‌కి నచ్చిందా అని.