సీటు కింద ఇంజిన్

చి. బుజ్జికి,

నాన్న ఆశీస్సులు. నిన్న ఫోన్‌లో నువ్వు చెప్పింది సగమే విన్నాను. మిగతా సగం కోపంలో కొట్టుకుపోయింది. నీ మీద కాదులే, ఒకప్పుడు నేనూ ఇలాగే చిక్కుల్లో పడ్డాను కాబట్టి. మళ్లీ ఫోన్ చేస్తే "ఊఁ, ఊఁ" అని పెట్టేస్తావని కాగితం మీద రాస్తున్నా.

కడియం నుంచి మొక్కలు తెచ్చి దింపావు. మన ఓమ్ని వ్యాన్ ఆపగానే ముందు సీటు ఎత్తి, ఇంజిన్ ఆయిల్ కొలిచే పుల్ల, అదే గేజ్, తీశావు. ఆయిల్ కింది గీత దగ్గర కనిపించిందని డబ్బా లీటరూ ఒంపేశావు. పొద్దున చూస్తే పై గీత దాటి వేలెడు పైకి ఉంది. అంతేగా?

ఇంజిన్ తిరిగినంతసేపూ ఆయిల్ పైనంతా పరుచుకుని ఉంటుంది. ఆపాక అది అడుగునున్న చాంబర్‌లోకి దిగడానికి ఐదు పది నిమిషాలు పడుతుంది. నువ్వు అప్పుడే చూశావు. పైగా మీ వీధి వాలు. నీకు తక్కువ కనిపించిందే గానీ ఉండాల్సినంత ఉందనే నా అనుమానం.

ఎక్కువైతే ఏమవుతుందంటావా? లోపల తిరిగే క్రాంక్ ఆయిల్‌లో మునిగి, కవ్వంతో మజ్జిగ చిలికినట్టు చిలుకుతుంది. నురగ పడుతుంది. నురగ బేరింగులను కాపాడదు. సీళ్ల దగ్గర కారుతుంది, ఎయిర్ ఫిల్టర్‌లోకి ఎక్కుతుంది. నువ్వు పుట్టకముందు ఓ షెడ్డులో ఆయిల్ మారుస్తూ పెద్ద కారుకి పోసినంత మన వ్యాన్‌కీ పోశారు. మన 796 సీసీ ఇంజిన్‌కి అంత పట్టదు. రావులపాలెం బ్రిడ్జి మీదకి వచ్చేసరికి వెనక నీలంపొగ, పక్కన వెళ్లేవాళ్లు బండి అంటుకుందని చేతులూపడం. ఇంజిన్ సీటు కిందే కదా, ఆ కాలిన వాసనకి మీ అమ్మ దారంతా కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకునే ఉంది. విప్పి చూస్తే ఫిల్టర్ నూనెలో వేసిన గారెలా ఉంది.

కాబట్టి రేపటి లోడుకి ట్రాలీ ఆటో మాట్లాడుకో. వ్యాన్ స్టార్ట్ చేయకు. చదునైన చోటికి తోయించు. మందుల షాపులో 50 ఎంఎల్ సిరంజి, సెలైన్ పైపు కొను. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు గేజ్ కన్నంలోంచి పైపు దించి లాగు. చిక్కగా ఉంటుంది, నెమ్మదిగా వస్తుంది, విసుగు పడకు. నాలుగు సిరంజిలు తీసి ఒకసారి కొలుచుకో. గేజ్ తీయగానే కనిపించింది నమ్మకు: ఒకసారి తుడిచి, అడుగంటా దించి, మళ్లీ తీసి చూడు. పై గీతకి కాస్త కిందుంటే చాలు, ఆపెయ్. కింద బోల్ట్ విప్పి వదలొచ్చు గానీ, అది జారి ఆయిలంతా మట్టిపాలు చేస్తావేమోనని నా భయం. తీసింది మొక్కల దగ్గర పారబోయకు, సీసాలో పోసి షెడ్డు వాళ్లకివ్వు.

ఇక మీద వారానికోసారి, పొద్దున్నే, ఇంజిన్ స్టార్ట్ చేయకముందే చూడు. తగ్గితే పావు లీటరు పోసి, కాసేపాగి మళ్లీ చూసుకో. కిలోమీటర్లూ, పోసిన ఆయిలూ డైరీలో రాయి. పాత బండి కొద్దిగా తాగుతుంది, దానికి టెన్షన్ పడకు. పోయకుండానే లెవెల్ పెరిగి పెట్రోల్ వాసన వచ్చినా, పాలకాఫీ రంగులో కనిపించినా మాత్రం నాకు ఫోన్ చెయ్. మొదటిది ఇంజిన్‌కి పెట్రోల్ అందించే పంపులో డయాఫ్రమ్ పొర చిరగడం కావచ్చు, రెండోది ఇంజిన్ పైభాగం కింద ఉండే హెడ్ గ్యాస్కెట్ పోయి ఆయిల్‌లో నీళ్లు కలవడం కావచ్చు.

"ఎర్ర లైటు వెలగలేదు కదా" అన్నావు. ఆ లైటు చెప్పేది ఆయిల్ ప్రెషర్ గురించి, ఎంత ఉందో కాదు. నడుస్తుండగా వెలిగిందంటే అప్పటికే ఆలస్యమైనట్టు. అక్కడికక్కడే ఆపెయ్. ఓమ్ని తయారీ 2019లోనే ఆపేశారు, ఇంజిన్ పోతే ఇంకొకటి వెతకడం తలనొప్పి.

అమ్మ తన పాత వాయిల్ చీర ముక్కలు పంపుతోంది, గేజ్ తుడవడానికి. పోగులు రాలే గుడ్డ వాడకు.

నాన్న

తా.క.: తుడిచాక గేజ్ మళ్లీ పూర్తిగా దించావో లేదో చూసుకో. సీటు వేసేశాక గుర్తొస్తుంది నీకు.