జోజీకి, గుణదల నుంచి

రేయ్ జోజీ,

ఇంత లేటుగా రాస్తున్నానని తిట్టుకోకు. ఇక్కడ అందరం బాగున్నాం, అమ్మకి మోకాళ్ల నొప్పులు కాస్త తగ్గాయి, చంటోడు పదో తరగతికొచ్చాడు, బెజవాడ ఎండలు నీకు చెప్పక్కర్లేదు. ఇప్పుడు మాత్రం ఇది చెప్పకపోతే నా కడుపు ఉబ్బిపోయేలా ఉంది.

మా చర్చి విచారణ వాళ్లతో రోమ్ యాత్రకెళ్లా కదా, అక్కణ్ణించి కాస్టెల్ గండోల్ఫో తీసుకెళ్లారు, పోపు గారి వేసవి విడిది. కొండ అంచున ప్యాలెస్, కింద అల్బానో సరస్సు, ఆ గాలికి మన బ్యారేజీ మీద సాయంత్రాలు... సరే, అది తర్వాత.

అసలది సావెల్లి అనే జమీందార్ల కోటంట రా. అప్పులు తీర్చలేక 1596లో పోగొట్టుకుంటే పోపుల చేతికొచ్చింది. పోపు ఎనిమిదో అర్బన్ గారు 1620ల్లో బాగుచేయించి ఎండాకాలం వెళ్లడం మొదలెట్టారు. 1870లో రోమ్ ఇటలీ రాజ్యం చేతికి పోయాక పోపులు వాటికన్ దాటి బయటికే రాలేదు, ఇటలీతో 1929 ఒప్పందం అయ్యేదాకా ఆ విడిది ముఖం చూడలేదు.

కానీ నేను చెప్పాలనుకుంది ఆ పడకగది గురించి. 1944లో రోమ్‌కి దక్షిణాన సముద్రం ఒడ్డునున్న ఆంజియో దగ్గర ప్రపంచ యుద్ధం జరుగుతుంటే చుట్టుపక్కల ఊళ్లవాళ్లు వేలమంది పిల్లాజెల్లా మూటాముల్లెతో పరిగెత్తుకొస్తే, అప్పటి పోపు పన్నెండో పయస్ గారు గేట్లు తెరిపించి అందర్నీ లోపలికి రానిచ్చారు, నిండు చూలాళ్లకైతే తన సొంత పడకగదే ఇచ్చేశారు రా! నలభై మంది దాకా పిల్లలు అక్కడే పుట్టారంట, చాలామందికి ఆయన పేర్లే, పియో (పయస్) అనో, పోపు కాకముందు ఆయన పేరు యూజెనియో అనో పెట్టుకున్నారంట. అదే ఫిబ్రవరిలో ఆ తోటల్లో బాంబులు పడి వందలమంది పోయారు కూడా... తల్చుకుంటే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. ఆయన 1958లో, ఆరో పాల్ గారు 1978లో కన్నుమూసింది కూడా ఆ ప్యాలెస్‌లోనే.

ఆ గది గుమ్మం దగ్గర నిలబడితే నాకు మీ నాన్నమ్మ గుర్తొచ్చింది రా. 77 ఉప్పెనప్పుడు దివిసీమలో ఎవరో పెద్దింటోళ్లు వాళ్లని మేడ మీదకి రానిచ్చారని, వాళ్ల మంచం మీదే మీ బాబాయిని కన్నదని ఎన్నిసార్లు చెప్పేదో! నాకు అక్కడే కళ్లమ్మట నీళ్లొచ్చేశాయి, వెనకాలోళ్లు జరగమంటున్నా కదల్లేకపోయా. బాబాయికి ఇది చదివి వినిపించు, మర్చిపోకు.

మనలాంటోళ్లం అంత లోపలిదాకా వెళ్లగలిగామంటే పోపు ఫ్రాన్సిస్ గారి పుణ్యమే, ఆయన 2016లో ఆ గదులన్నీ మ్యూజియంగా తెరిపించేశారు. ఇంక ఆయనకి ముందు పోపు బెనెడిక్ట్ గారు 2013లో పదవి వదిలేసిన రాత్రి అదే ప్యాలెస్ తలుపుల దగ్గర పోపు గారికి కాపలా ఉండే స్విస్ గార్డులు... అయ్యో, చంటోడి ట్యూషన్ టైమైపోయింది, వాణ్ణి దింపాలి, ఉంటా రా, వెంటనే రిప్లై పెట్టు.