శనివారం రాత్రి లాగ్ ఆర్కైవింగ్ ఆన్ చేస్తున్నాం

అందరికీ నమస్తే.

శనివారం రాత్రి 10 గంటలకు మన పోస్ట్‌గ్రెస్ సర్వర్‌లో వాల్ (డేటాబేస్‌లో జరిగే ప్రతి మార్పునూ రాసుకునే లాగ్) ఆర్కైవింగ్ మొదలు. ఇందుకు ఆర్కైవ్ మోడ్ అనే సెట్టింగ్ మార్చాలంటే రీలోడ్ చాలదు, రీస్టార్ట్ తప్పదు. 9:45 కల్లా మీ సెషన్లు, రిపోర్టులు ఆపేయండి.

ఇకపై 16 ఎంబీల లాగ్ ఫైలు నిండగానే దానంతటదే బ్యాకప్ డిస్కుకు కాపీ అవుతుంది. ఎవరైనా పొరపాటున టేబుల్ డ్రాప్ చేసినా, బేస్ బ్యాకప్ (మొత్తం డేటాబేస్ ఫైళ్ల కాపీ) మీద ఈ లాగ్‌లు నడిపించి సరిగ్గా దానికి ముందు క్షణం దాకా డేటా తెచ్చుకోవచ్చు. రాత్రి తీసే డంప్ (అప్పటికి ఉన్న డేటా కాపీ) ఒక్కటే ఉంటే పగలంతా చేసిన పని గోవిందా!

కాపీ స్క్రిప్టు రాస్తున్నవాళ్లకు:
అదే పేరుతో ఫైలు ముందే ఉంటే దాని మీద రాయొద్దు.
కాపీ నిజంగా పూర్తయితేనే స్క్రిప్టు నుంచి సున్నా (అంటే పని అయింది అని) తిరిగి రావాలి. ఉత్తుత్తి సున్నా వచ్చినా సర్వర్ నమ్మేసి, ఆ లాగ్‌ను తీసేస్తుంది.

కాపీ ఫెయిలైతే ఫైళ్లు పేరుకుపోతాయి, డిస్కు నిండితే డేటాబేసే ఆగిపోతుంది. అందుకే డ్యూటీలో ఉన్నవాళ్లు రోజూ పొద్దున్నే ఆర్కైవర్ వ్యూలో (pg_stat_archiver) ఫెయిల్డ్ కౌంట్, అంటే కాపీ ఎన్నిసార్లు ఫెయిలైందో చూడాలి. పెరిగితే వెంటనే ఇక్కడ చెప్పండి.

రీస్టార్ట్ అయ్యాక కొత్త బేస్ బ్యాకప్ తీస్తాం. అప్పటిదాకా పాతవి ఎవరూ డిలీట్ చేయొద్దు, ప్లీజ్.

ఆ టైమ్ కుదరనివాళ్లు శుక్రవారం సాయంత్రంలోపు చెప్పండి.