చాట్‌బాట్ టెండరులో ప్లగిన్ షరతు ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

రాష్ట్ర ప్రభుత్వం 2025 జనవరిలో వాట్సాప్ ద్వారా మనమిత్ర సేవలు ప్రారంభించాక, సందేశాలకు తానే జవాబిచ్చే సొంత చాట్‌బాట్ ప్రోగ్రాం పెట్టుకోవాలన్న ఆలోచన స్థానిక కార్యాలయాలకూ కలగడం సహజం. తిరుపతి, చిత్తూరు అధికారులు ఆ పనికి టెండరు పిలిచే ముందు ఒక విషయం గమనించాలని మనవి.

ప్రశ్నలూ జవాబులూ అన్నీ ఒకే ప్రోగ్రాంలో కుక్కి కట్టిన బాట్‌లో, కుళాయి నీళ్ల వేళ మారినా కాంట్రాక్టరునే బతిమాలుకోవాలి. అలా కాకుండా, వచ్చిన సందేశాన్ని తగిన విభాగానికి అప్పగించే పని మాత్రమే మూల ప్రోగ్రాంకు వదిలి, ఒక్కో సేవనూ ఒక్కో ప్లగిన్‌గా, అంటే కావలసినప్పుడు చేర్చి వద్దనుకుంటే తీసేయగల చిన్న ప్రోగ్రాంగా, విడిగా రాయించవచ్చు. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఇది బ్రహ్మవిద్యేమీ కాదు. ఒక ఫోల్డరులో ఉంచిన ఫైళ్లను పైథాన్‌లోనే ఉండే ఇంపోర్ట్‌లిబ్ అనే సాధనంతో లోడు చేసుకుని, ప్రతి ఫైలులోనూ ఒకే పేరుతో ఉండే ఫంక్షన్‌ను పిలిస్తే చాలు. మామిడి కాలంలో దామలచెరువు మండీలో తోతాపురి ధర చెప్పే ప్లగిన్ చేర్చి, సీజను ముగియగానే తీసేయవచ్చు. మిగతా బాట్ జోలికి పోనక్కర్లేదు. శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయంలోనో, పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలోనో చదివే పిల్లలు చివరి సంవత్సరం ప్రాజెక్టుగా రాయగలిగిన పని ఇది.

తెలుగు బాగా తెలిసినవాళ్లు రాస్తే మరో మేలు ఉంది. ‘మార్కెట్‌లో’ అని టైపు చేసినప్పుడు కొన్ని కీబోర్డులు ‘ట్’ తర్వాత కంటికి కనబడని ఒక అక్షరాన్ని చేరుస్తాయి; దాన్ని తొలగించకుండా పోల్చే ప్రోగ్రాంకు రైతు అడిగిన మాట, తన జాబితాలోని మాట వేరువేరుగా తోస్తాయి. ‘మీ ప్రశ్న అర్థం కాలేదు’ అన్న జవాబుకు ఒక్కోసారి కారణం ఇంతే.

అయితే ఎవరు రాసిచ్చినా కళ్లు మూసుకుని చేర్చుకోమని నేను చెప్పడం లేదు. మామూలుగా పైథాన్ ప్లగిన్ మూల ప్రోగ్రాంలో భాగంగానే నడుస్తుంది కనుక, దానికున్న అధికారాలన్నీ దీనికీ సంక్రమిస్తాయి. పౌరుల ఫోన్ నంబర్లనూ, డేటాబేస్ పాస్‌వర్డునూ చదవగలదు. ట్రై, ఎక్సెప్ట్ అనే పైథాన్ ఆదేశాలతో పొరపాట్లను పట్టుకోవచ్చునేమో గానీ, దురుద్దేశాన్ని పట్టుకోలేము. అందువల్ల ప్రతి ప్లగిన్‌నూ నిపుణులు చదివి ఆమోదించాలి. పరిమిత అధికారాలతో, కాలపరిమితితో, మూల ప్రోగ్రాంతో కలపకుండా వేరే ప్రాసెస్‌లో నడపాలి.

ప్లగిన్ రాసే పద్ధతిని వివరించే పత్రం అందరికీ అందుబాటులో ఉండాలని, సోర్సు కోడు కార్యాలయం చేతికి రావాలని, పరిశీలన బాధ్యత ఎవరిదో ముందే తేల్చాలని కోరుతున్నాను. ఈ షరతులు టెండరు ప్రకటనలోనే ఉండాలి. ఒప్పందం కుదిరాక అడిగితే అదనపు పని కింద బిల్లు వేస్తారు.

భవదీయుడు,
ఒక పాఠకుడు, తిరుపతి