కాలవ గట్టు మీంచి బాబ్జీకి

సామర్లకోట,
ఆదివారం

ఒరేయ్ బాబ్జీ,

మొన్న ఫోన్లో "ఏవిట్రా, స్టేటస్ నిండా పిచ్చిమొక్కలు పెడుతున్నావు, ఒంట్లో బానే ఉందా?" అన్నావు. అప్పుడు నవ్వి ఊరుకున్నాను గానీ ఇది ఫోన్లో తేలే సంగతి కాదు. పొద్దుట్నుంచీ ముసురు పట్టి వదల్లేదు, బయటికెళ్ళే పని లేదు. అందుకని కాయితాలు ముందేసుకుని కూర్చున్నాను. తీరిగ్గా చదువు.

షుగరొచ్చాక రోజూ గంట నడవమన్నారని చెప్పాను కదా. గోదారి కాలవ గట్టు మీద నడుస్తాను. రెండేళ్ళ కిందట ఒకాయన రోజూ అక్కడ మోకాళ్ళ మీద కూర్చుని, ఫోను నేలకి ఆనించి ఏదో ఫొటో తీస్తూ కనిపించేవారు. ఒకరోజు ఏదో పారేసుకున్నారేమో, వెతికిపెడదామని దగ్గరికెళ్ళాను. ఏమీ అనకుండా ఫోను నా చేతికిచ్చారు. తెర నిండా తెల్లటి పువ్వు. చుట్టూ సన్నటి రేకలు అంచు కుట్టినట్టున్నాయి, మధ్యలో నాలుగేసి అంచులున్న బుల్లి గిన్నెలు గుత్తుగా ఉన్నాయి. ఏం పువ్వండీ అంటే, నా కాలి పక్కనే ఉన్న గుంటగలగర చూపించారు. మా అమ్మ తలనూనెలో కాచేది చూడు, అదే. ఆకు నలిపితే రసం నల్లబడేది. ఆ మొక్కని పుట్టినప్పట్నుంచీ చూస్తూనే ఉన్నాన్రా. చొక్కా గుండీ అంత ఉండే దాని పువ్వు ఒక పువ్వు కాదనీ, పదుల కొద్దీ పువ్వులు ఒక్క తొడిమ మీద కాపురం ఉన్నాయనీ నాకు యాభై రెండేళ్ళకి తెలిసింది. ఆ పూట ఇంటికెళ్ళేసరికి ఎనిమిదిన్నర దాటింది.

ఆయన డిగ్రీ కాలేజీలో బోటనీ చెప్పి రిటైరయ్యారు. మేమంతా మాస్టారు అనే పిలుస్తాం. ఇప్పుడు మేం ముప్ఫై మందిమి. కౌలుకి చేసే ఆయన ఉన్నాడు, టైలరింగు చేసే ఆవిడ ఉంది, ఇంటర్ చదివే పిల్లలు ముగ్గురున్నారు, నాలాంటి బ్యాంకు వాళ్ళం ఇద్దరం. ఎవరికి ఏ మొక్క కనపడినా ఫొటో తీసి వాట్సాప్‌లో పెడతారు. పేరు తెలిసినవాళ్ళు చెప్తారు, తెలియకపోతే అందరం కలిసి వెతుకుతాం. గులాబీలు, మందారాలు ఎవరూ పెట్టరు. అవి పెట్టకూడదని రూలేమీ లేదు, వాటిని చూసేవాళ్ళు ఎలాగూ ఉన్నారు కదా అని.

ఫొటో తీయడం కూడా నేర్చుకోవాల్సిన పనేరా. మొదట్లో నేనొక నేల ఉసిరి ఫొటో పెట్టాను. పైనుంచి తీశాను, పచ్చగా అందంగా వచ్చింది. మాస్టారు ఒక్క ముక్క రాశారు: "రెమ్మ తిప్పి తీయండి." మర్నాడు మళ్ళీ వెళ్ళి కింది వైపు తీశాను. కింద వరసగా కాయలున్నాయి. గరుగ్గా, తొడిమన్నది లేకుండా రెమ్మకే అతుక్కుని ఉన్నాయి. కాండం ఎర్రబారి ఉంది. అంటే అది నేను అనుకున్న నేల ఉసిరి కాదు, దాని చెల్లెలు, ఎర్ర ఉసిరిక. అసలు నేల ఉసిరికి కాయలు నున్నగా ఉంటాయి, చిన్న తొడిమ మీద వేలాడతాయి. పైనుంచి చూస్తే రెండూ ఒకటే, కవల పిల్లల్లా ఉంటాయి. అప్పట్నుంచీ నేను ఏ మొక్కకైనా ఐదు ఫొటోలు తీస్తాను. మొక్క మొత్తం, ఆకు పైన, ఆకు కింద, పువ్వు, కాయ. పక్కన రూపాయి బిళ్ళ పెడతాను, సైజు తెలియాలిగా.

ఆ ఫొటో కిందే ఒకతను "మా బావగారికి కామెర్లు, ఇది నూరి ఇవ్వొచ్చా?" అని అడిగాడు. ఎప్పుడూ మెత్తగా మాట్లాడే మాస్టారు ఆ రోజు కటువుగానే చెప్పారు. ఫొటో చూసి పేరు చెప్పగలను గానీ మందు చెప్పను, ముందు ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళండి అన్నారు. నాకది చాలా నచ్చింది. నేనే ఒక మొక్కని ఇంకో మొక్క అనుకున్నాను కదా, అదే ఎవరి గ్లాసులోకో వెళ్ళి ఉంటే?

పేర్ల విషయంలో ఇంకో తమాషా ఉంది. మా వీధి చివర పాడుపడ్డ ఇంటి దగ్గర ఒక మొక్క, కంకి పొడుగునా రంపపు పళ్ళ అంచులున్న చిన్న దొప్పలు. పిల్లల ఫోన్లలో మొక్కల పేర్లు చెప్పే యాప్ మూడుసార్లు మూడు పేర్లు చెప్పింది. అటుగా వెళ్తున్న మామ్మగారొకావిడ ఆగి, "మురిపిండి మొక్క నాయనా, వేరు పీకితే పిల్లులు వచ్చి దొర్లుతాయి" అనేసి వెళ్ళిపోయింది. మాస్టారు కాయ ఫొటో చూసి అవునన్నారు, పుస్తకాల్లో కుప్పింటాకు అని ఉండేది ఇదే. పిల్లుల సంగతి కూడా నిజమే. ఆ యాప్‌ని తప్పు పట్టను, చాలాసార్లు అదే దారి చూపిస్తుంది. కానీ ఆవిడకి ఎనభై ఏళ్ళుంటాయి. ఆవిడ తరవాత ఆ పేరు మా వీధిలో ఎవరికి తెలుస్తుందిరా? ఆ సాయంత్రమే వాళ్ళింటికెళ్ళి కూర్చుని, ఫోన్లో ఉన్న ఫొటోలన్నీ చూపించాను. నలభై ఫొటోల్లో ముప్ఫై ఒకటికి పేర్లు చెప్పింది. చూపు ఆనక కొన్ని ఆగిపోయాయి గానీ, తెలియక కాదు. అన్నీ రాసుకున్నాను.

ఒక్కోసారి ఒకే పేరుని రెండు మొక్కలు పంచుకుంటాయి. గలిజేరు అంటే మీ ఆవిడ పప్పులో వేసే తెల్ల గలిజేరూ గలిజేరే, అటికమామిడినీ ఎర్ర గలిజేరనే అంటారు. రెండూ నేల మీద పాకుతాయి, రెంటినీ పునర్నవ అనేవాళ్ళున్నారు. తీరా చూస్తే రెండూ వేరు వేరు కుటుంబాలు. అటికమామిడికి బంధువెవరో చెప్పనా? మీ అపార్ట్‌మెంటు గేటు మీద పాకిన కాగితంపూల తీగ! ఇది విన్నాక నేను అటికమామిడి పువ్వుని తెర మీద పెద్దది చేసి ఎంతసేపు చూశానో. ఆవగింజంత పువ్వు, ముదురు గులాబీ రంగు, అచ్చం ఆ ఇంటి పిల్లే.

ఇప్పుడు నీకు అసలు సంగతి చెప్పాలి. దీన్ని రాయాలనే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. మన ఊళ్ళో మనం ఇంటర్ దాకా చదివాం కదా, భీమేశ్వరాలయం గురించి, పంచారామాల గురించి చెప్పారు గానీ ఈ ముక్క ఎవరైనా చెప్పారా? విలియం రాక్స్‌బర్గ్ అని స్కాట్లండ్ డాక్టరు, ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి, 1781లో మన సామర్లకోటకి వచ్చాడు. 1793లో కలకత్తా బొటానికల్ గార్డెన్‌కి వెళ్ళేదాకా ఇక్కడే ఉన్నాడు. ఇక్కడ తోట వేశాడు, మిరియాలు పండించాలని చూశాడు. అంతకన్నా నాకు ముఖ్యమైనదేమిటంటే, మనవాళ్ళైన చిత్రకారుల్ని పెట్టుకుని ఈ చుట్టుపక్కల మొక్కలన్నిటికీ రంగుల బొమ్మలు వేయించాడు. 1787 ఉప్పెనలో ఆయన పుస్తకాలూ కాయితాలూ పోయాయి. మళ్ళీ మొదలుపెట్టాడు. ఆ బొమ్మలు లండన్‌కి పంపితే, వాటిలోంచి మూడు వందలు ఏరి 1795 నుంచి 1820 వరకు మూడు సంపుటాలుగా అచ్చువేశారు.

మాస్టారు వాటిలో కొన్ని కంప్యూటర్లో చూపించారు. నాకు ఒళ్ళు జలదరించింది బాబ్జీ. కొమ్మ ఒక పక్కన, కింద మూలగా పువ్వుని విప్పి, కేసరాలు విడిగా, కాయని కోసి లోపలి గింజ విడిగా, పెద్దవి చేసి వేశారు. మాస్టారు నాతో "రెమ్మ తిప్పి తీయండి" అన్నది, రెండు వందల ఏళ్ళ కిందట ఇదే ఊళ్ళో ఎవరో ఒక చిత్రకారుడికి చెప్పి ఉంటారు. ఆయన కూడా ఇదే కాలవ పక్క నేల మీద కూర్చుని మొక్కని తిప్పి చూసి ఉంటాడు. అప్పటికి మన కాలవ లేదులే, కాటన్ దొర రావాలి కదా. పైగా మొక్కల తెలుగు పేర్లు అడిగి రాసుకున్నారు. సోమిద మాను ఉంది చూడు, దాని శాస్త్రీయనామం ఈనాటికీ సోయ్మిడా. ప్రపంచమంతా పలికేది మన తెలుగు మాటే. ఇంత చేసినా ఆ బొమ్మలు వేసినవాళ్ళ పేర్లు అచ్చులో ఎక్కడా లేవు. దొర పేరు మాత్రం మొక్కల పేర్ల చివర ఉంది. ఇది నన్ను బాధపెడుతూనే ఉంటుంది.

మొన్న వినాయకచవితికి మేమొక పని చేశాం. బజార్లో కొన్న పత్రి కట్ట విప్పి, ఎవరింట్లో వాళ్ళు ఫొటోలు తీసి పెట్టాం. ఇరవై ఒకటి అని అమ్మిన నా కట్టలో సరిగ్గా పోల్చగలిగినవి తొమ్మిదే. మామిడి, రేగు, జిల్లేడు, ఉమ్మెత్త, గన్నేరు లాంటివి. విష్ణుక్రాంతం అని శంఖపుష్పం తీగ పెట్టారు. ఉత్తరేణి అసలు లేనేలేదు, అది మా ప్రహరీ బయటే పంచెకి అంటుకుంటూ కావలసినంత ఉంది! నిజమైన విష్ణుక్రాంతం కోసం ఆ ఆదివారం పదిమందిమి పెద్దాపురం పాండవుల మెట్టకి వెళ్ళాం. నేల మీద పరుచుకుని, చిటికెన వేలి గోరంత నీలం పువ్వు. మేం పదకొండింటికి వెళ్తే అప్పటికే ముడుచుకుంటోంది. మర్నాడు ఏడింటికే మళ్ళీ వెళ్ళి తీశాను. ఆ నీలం ఎలా ఉంటుందో రాయడం నా వల్ల కావట్లేదు, ఫొటో పంపిస్తాను.

అన్నీ ముద్దుగా చూసేవే అని కాదు. వయ్యారిభామ కనపడితే ఫొటో తీసి, చేతికి తొడుగేసుకుని, పూతకి రాకముందే పీకేస్తాం. అది మన దేశంలోకొచ్చి డెబ్భై ఏళ్ళయింది, చర్మానికీ ఊపిరికీ చేటు. దాన్ని పోల్చుకోవడం కూడా తెలియాలి. అలాగే అరుదైన దుంపజాతి మొక్క ఏదన్నా కొండల్లో కనపడితే చోటు ఎక్కడో రాయకూడదని కట్టడి పెట్టుకున్నాం. తవ్వుకుపోయేవాళ్ళు ఉంటారు.

ఇక నీ మాట. మీ కూకట్‌పల్లి అపార్ట్‌మెంటులో డ్రైనేజీ గొట్టం పక్కన గోడ పగుల్లో ఊదారంగు పువ్వుల మొక్క ఉందనీ, వాచ్‌మన్ ఎన్నిసార్లు పీకినా వస్తోందనీ అన్నావు. నాకొక అనుమానం. మన హైస్కూలు వెనకాల ఇంటర్వెల్లో ఎండిన కాయలు కోసి, ఉమ్ము తడి చేసి ఒకడి చొక్కా కాలరులో ఒకడు వేసుకునేవాళ్ళం, టప్పున పేలేవి, గుర్తుందా? నువ్వు లెక్కల మాస్టారి క్లాసులో సిరాబుడ్డి పక్కన పేల్చి బెంచీ ఎక్కావు. అది అమెరికా ఖండాల నుంచి వచ్చిన రుయెల్లియా ట్యూబరోసా అనీ, తడి తగలగానే పగిలి గింజలు విసిరేయడం అది సంతానాన్ని పంపుకునే పద్ధతనీ ఇప్పుడు తెలిసింది. కింద వేళ్ళకి ముల్లంగి పిల్లల్లాంటి దుంపలుంటాయి. అందుకే పీకినా మళ్ళీ వస్తుంది.

అదేనో కాదో నువ్వే తేల్చాలి. పొద్దున్నే వెళ్ళు, మధ్యాహ్నానికి పూలు రాలిపోతాయి. ఐదు ఫొటోలు, రూపాయి బిళ్ళ మర్చిపోకు. వాచ్‌మన్‌తో వారం రోజులు ఆగమని చెప్పు. గోధుమరంగుకి తిరిగిన కాయ ఒకటి కోసి, అరచేతిలో పెట్టుకుని నీళ్ళ చుక్క వెయ్యి. మీ చిన్నాణ్ణి పక్కన కూర్చోబెట్టుకో. పేలిందో లేదో వెంటనే ఫోన్ చెయ్యి.

నీ
పండు